పాల క్యాన్లలో దాచిన సాక్ష్యం



యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం మీలో చాలామంది చదివే ఉంటారు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. అటువంటి సమయంలో ఆయన అనాతోతులో ఉన్న పొలాన్ని తన బంధువైన హనమేలు దగ్గర 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షులను పిలిపించి, క్రయపత్రం రాయించి, అది చాలా కాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టమని బారూకుతో చెప్పాడు. ఊరే శత్రువు చేతికి పోబోతుంటే ఆ పత్రం ఎవరికి పనికొస్తుంది? రేపు వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. ఆ నమ్మకంతోనే దాచాడు.

అదే జనాంగంలో, మన తాతల కాలంలో, కొంతమంది ఇటువంటి పనే చేశారు. వాళ్ళకు మట్టికుండలు కాక రేకు పెట్టెలు, పాల క్యాన్లు దొరికాయి. ఆ సంగతి ఈ రోజు మీతో పంచుకోవాలని ఉంది.

ముందుగా ఒక మాట. మన ప్రసంగాల్లో యూదులు అపొస్తలుల కార్యములతో ఆగిపోతారు. మళ్ళీ హిట్లరు పేరు వచ్చినప్పుడు, 60 లక్షల మంది చనిపోయారు అనే లెక్కతో కనిపిస్తారు. మధ్యలో దాదాపు 1900 ఏళ్ళు వాళ్ళు ఎలా బ్రతికారు, పిల్లలకు ఏమి నేర్పారు, పేదవాళ్ళను ఎలా ఆదుకున్నారు అనేది మనకు తెలియదు. వాళ్ళ జీవితాన్ని వాళ్ళే పరిశోధించి రాసిపెట్టారనే సంగతి కూడా చాలామందికి తెలియదు.

1891లో సీమోను దూబ్నోవ్ అనే చరిత్రకారుడు రష్యా యూదులకు ఒక పిలుపునిచ్చాడు. మీ ఊళ్ళలోని సమాజపు పుస్తకాలు, పాత కాగితాలు పోగుచేయండి, మన చరిత్ర మనమే రాసుకోవాలి అన్నది ఆ పిలుపు. 1925లో విల్నా పట్టణం కేంద్రంగా యివో అనే పరిశోధన సంస్థ మొదలైంది. దాని కోసం పల్లెల్లో, చిన్న పట్టణాల్లో మామూలు మనుషులు సామెతలు, పాటలు, ఆచారాలు, పెండ్లి ఆహ్వానాలు, సమాజపు లెక్కల పుస్తకాలు సేకరించి పంపేవారు. పండితుల గ్రంథాలు ఎంత ముఖ్యమో వంటింటి మాటలూ అంతే ముఖ్యమని వాళ్ళ ఆలోచన.

ఈ బాటలో నడిచినవాడే ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్. 1900లో బుచాచ్ అనే పట్టణంలో పుట్టాడు. మధ్యయుగాల నాటి వార్సా యూదుల చరిత్ర మీద పరిశోధన చేసి 1927లో డాక్టరేటు పొందాడు. బడిలో చరిత్ర పాఠాలు చెప్పాడు, పేదలకు సహాయం చేసే సంస్థలో పనిచేశాడు. 1939 ఆగస్టులో యూదుల మహాసభ కోసం స్విట్జర్లాండులోని జెనీవాకు వెళ్ళాడు. యుద్ధం ముంచుకొస్తున్నదని తెలిసి కూడా వార్సాకు తిరిగి వచ్చేశాడు. అతని భార్యాబిడ్డలు, అతని జనులు అక్కడే ఉన్నారు.

1940 నవంబరులో జర్మన్లు వార్సా యూదులందరినీ ఒక పేటలోకి తోసి, చుట్టూ గోడ కట్టి మూసివేశారు. దానినే ఘెట్టో అన్నారు. 4 లక్షలకు పైగా జనం అందులో ఇరుక్కున్నారు. ఒక్కో గదిలో ఎన్నో కుటుంబాలు. ఆకలి, విషజ్వరం. 1942 వేసవి వచ్చేసరికి ఈ రెండింటివల్లనే 80 వేల మందికి పైగా చనిపోయారు.

గోడ మూసిన ఆ నెలలోనే రింగెల్‌బ్లూమ్ తన ఇంట్లో కొందరిని కూడబెట్టాడు. విశ్రాంతి దినాన, అంటే శనివారాల్లో కూడుకునేవారు కాబట్టి ఆ గుంపుకు ఒనెగ్ షబ్బాత్ అని పేరు పెట్టుకున్నారు. విశ్రాంతి దిన ఆనందము అని దాని అర్థం. బయటివాళ్ళకు అనుమానం రాని పేరు. అందులో రబ్బీలు ఉన్నారు, దేవుడు లేడనేవాళ్ళు ఉన్నారు, ఉపాధ్యాయులు, రచయితలు, ఆర్థిక శాస్త్రం చదివినవాళ్ళు, ఇంకా మీసం సరిగా రాని కుర్రవాళ్ళు ఉన్నారు.

వాళ్ళు చేసింది పరిశోధన. ప్రశ్నలు తయారుచేసుకుని ఇంటింటికీ, శరణార్థుల వసతులకూ వెళ్ళి అడిగారు. జర్మన్లు బడులు మూయించినప్పుడు గంజి పోసే వంటశాలల్లోనే రహస్యంగా పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆ చదువు ఎలా సాగిందో రాశారు, పిల్లలు రాసిన వ్యాసాలను సేకరించారు. సిసిలియా స్లెపాక్ అనే స్త్రీ, ఘెట్టోలో ఆడవాళ్ళు సంసారాన్ని ఎలా నెట్టుకొస్తున్నారో వాళ్ళ దగ్గర కూర్చుని తెలుసుకుని రాసింది. రబ్బీ షిమోన్ హుబెర్‌బాండ్, సామూహిక ప్రార్థన నిషేధించిన రోజుల్లో జనం చాటుగా ఎలా ప్రార్థించారో రాశాడు. రాహెల్ ఔయెర్‌బాఖ్ తాను నడిపిన గంజి కేంద్రం గురించి రాసింది. రేషను కార్డులు, ట్రాము టిక్కెట్లు, గోడ పత్రికలు, మిఠాయి కాగితాలు కూడా దాచారు.

ఒక విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రింగెల్‌బ్లూమ్ పెట్టిన నియమం, ఉన్నది ఉన్నట్టు రాయాలి. తమవాళ్ళను పొగుడుకోవడానికి రాయకూడదు. ఒకే సంగతిని వేర్వేరు మనుషులు వేర్వేరుగా రాయాలి. అందుకే తమ జనులనే కొట్టిన యూదు పోలీసుల సంగతి రాశారు. లంచాలు తిన్నవాళ్ళ సంగతి, వీధిలో పిల్లలు ఆకలితో పడి ఉంటే పక్క దుకాణంలో మిఠాయిలు కొనుక్కున్న ధనవంతుల సంగతి కూడా దాచిపెట్టలేదు. చంపబోతున్న శత్రువు గోడ అవతల నిలబడి ఉండగా తమ తప్పులను తామే రాసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. దావీదు పాపాన్ని దాచకుండా రాసిన గ్రంథం చదివి పెరిగిన జనాంగం అది.

1942 ఆరంభంలో హెల్మ్నో అనే చోట నుండి ఒక యువకుడు తప్పించుకుని వచ్చాడు. అక్కడ యూదులను మూసిన లారీల్లో విషవాయువుతో చంపుతున్నారు. శవాలను పూడ్చే పని అతనితో చేయించారు. ఆ గుంపు కార్యదర్శి హెర్ష్ వాసర్, అతని భార్య బ్లూమా అతని సాక్ష్యాన్ని రాసుకున్నారు. హత్యల గురించి వీరు కూర్చిన సమాచారం పోలండు రహస్య ఉద్యమం ద్వారా లండను చేరింది. 1942 జూన్‌లో బి.బి.సి. రేడియో ఆ వార్త చెప్పింది. ప్రపంచం విన్నది గాని, రక్షించడానికి ఎవరూ రాలేదు.

జూలై 22న ఘెట్టో ఖాళీ చేయించడం మొదలైంది. రోజుకు వేలమందిని రైళ్ళలో ట్రెబ్లింకాకు తీసుకుపోయి చంపేశారు. ఆగస్టు 3న ఇజ్రాయెల్ లిక్టెన్‌స్టయిన్ అనే ఉపాధ్యాయుడు, 19 ఏళ్ళ డేవిడ్ గ్రాబర్, 18 ఏళ్ళ నహూమ్ గ్జివాచ్ కలిసి, నొవొలిప్కి వీధిలో 68వ నెంబరు బడి భవనం కింద 10 రేకు పెట్టెలు పాతిపెట్టారు. పాతేముందు ముగ్గురూ తమ చివరి మాటలు రాసి అందులో వేశారు. లిక్టెన్‌స్టయిన్ తన కోసం పొగడ్త ఏమీ కోరలేదు. చిత్రకారిణి అయిన తన భార్య గేలాను, 20 నెలల కూతురు మార్గలిత్‌ను జ్ఞాపకం చేసుకోమని మాత్రం అడిగాడు. ఆ గేలా వేసిన పిల్లల బొమ్మలు కూడా ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. ముగ్గురు మగవాళ్ళు, ఆ తల్లి, ఆ పసిబిడ్డ, ఎవరూ మిగలలేదు.

1943 ఫిబ్రవరిలో రెండో భాగాన్ని అదే బడి కింద రెండు పాల క్యాన్లలో పెట్టి పాతారు. రింగెల్‌బ్లూమ్‌ను, అతని భార్యను, కొడుకును కలుపుకొని 30 మందికి పైగా యూదులను మియెచిస్వాఫ్ వోల్స్కీ అనే తోటమాలి కుటుంబం తమ గాజు తోట కింద నేలమాళిగలో దాచింది. 1944 మార్చిలో జర్మన్లకు తెలిసిపోయింది. లోపల ఉన్నవాళ్ళతోపాటు దాచిన తోటమాలినీ చంపేశారు. ఆ నేలమాళిగలో కూడా రింగెల్‌బ్లూమ్ రాస్తూనే ఉన్నాడు.

ఆ గుంపులో దాదాపు 60 మంది ఉండేవారు. యుద్ధం తరువాత మిగిలినవాళ్ళు వాసర్ దంపతులు, రాహెల్ ఔయెర్‌బాఖ్, ముగ్గురే. రాళ్ళగుట్టగా మారిన వార్సాలో, వెదకండి, తవ్వండి అని రాహెల్ అందరినీ బ్రతిమాలింది. 1946 సెప్టెంబరు 18న రేకు పెట్టెలు బయటపడ్డాయి. నీళ్ళు దిగి చాలా కాగితాలు ముద్దయ్యాయి. 1950 డిసెంబరు 1న పాల క్యాన్లు దొరికాయి. మూతలు గట్టిగా ఉండటంతో లోపల కాగితాలు బాగానే ఉన్నాయి. మూడో భాగం ఈ రోజు వరకు దొరకలేదు. దొరికినవి సుమారు 35 వేల పుటలు. వార్సాలోని యూదు చరిత్ర సంస్థలో భద్రంగా ఉన్నాయి. 1999లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది.

ప్రియులారా, యూదుల శ్రమ దేవుని శాపం అని సులువుగా చెప్పే ప్రసంగాలు మనం విన్నాము. ఐరోపాలో సంఘాలు ఆ మాటను వందల ఏళ్ళు బోధించాయి. పక్కింటి యూదుణ్ణి పరాయివాడిగా చూడటం జనం నేర్చుకున్నది కొంతవరకు అక్కడే. బల్ల మీద నిలబడి ఒక జనాంగాన్ని గురించి మాట్లాడే ముందు, ఆ జనాంగం తన గురించి తాను రాసుకున్నది చదవడం మన బాధ్యత. వాళ్ళు మన ప్రసంగానికి ఉదాహరణలు కారు. పిల్లలకు అక్షరాలు నేర్పినవాళ్ళు, గంజి పంచినవాళ్ళు, విశ్రాంతి దినాన్ని ఆనందం అని పిలిచినవాళ్ళు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలుకకూడదనే ఆజ్ఞ సజీవులకు ఎంత వర్తిస్తుందో చనిపోయినవారికీ అంతే వర్తిస్తుంది.

యిర్మీయా పొలంలో మళ్ళీ పంట పండే రోజు వస్తుందని నమ్మి పత్రం దాచాడు. లిక్టెన్‌స్టయిన్ ఎవరో ఒకరు చదువుతారని నమ్మి పెట్టె మూశాడు. ఆ చదివేవాళ్ళలో మనమూ ఉన్నాము. మార్గలిత్ అనే ఆ పసిబిడ్డ పేరు ఈ రోజు మీ కుటుంబ ప్రార్థనలో ఒకసారి తలచుకోండి. వాళ్ళ నాన్న అడిగింది అంతే.

దేవుడు మనకు సత్యం వినే చెవిని, సత్యం పలికే నోటిని దయచేయును గాక. ఆమేన్.