ప్రాత మోటారుబండియు గ్రంథపాతములును

చీమకుర్తి నల్లరాతిని మోసుకొనిపోవు లారీల రొద ఈ ప్రాంతమువారికి నిత్యపరిచితము. అట్టి లారీ యొకటి మూలబడినచో దాని చక్రము లొకచోటికి, యంత్ర మొకచోటికి, మిగిలిన యినుము తూకమునకు పోవుటయు అందరెరిగినదే. అట్లు చెదరిన బండి నూరేండ్లనాటిదైనచో, దానిని తొలిరూపమునకు దెచ్చుట యెట్లు? అది మరమ్మతుపని మాత్రమే కాదు; చరిత్రకారుని పని కూడ.

తెలుగునేలపై ప్రాతబండ్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది హైదరాబాదు నిజాము సింహాసనపు కారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దీనిని ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థకు పురమాయించెను. బండి చేతికందకమునుపే, 1911 ఆగస్టు 29వ తేదీన, ఆయన కాలధర్మము నొందెను. కుమారుడగు ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ దాని నుపయోగించెను. పసుపువన్నె బండి, ప్రభువు కొరకు వెనుక ఎత్తయిన పీఠము. ఉత్సవములందే బయలుదేరుటచే 356 మైళ్ళు మాత్రమే నడచినదని ప్రసిద్ధి. హైదరాబాదునుండి ఒంగోలు వచ్చి తిరిగిపోవుటకైనను ఆ దూరము చాలదు. పునరుద్ధరింపబడిన ఆ బండి చౌమహల్లా ప్రాసాదమున ప్రజల దర్శనార్థ ముంచబడినది.

ఇట్టి బండి చరిత్రను వెదకువారు మొదట తెలిసికొనదగిన దొకటి కలదు. ఆ దినములలో రోల్స్ రాయిస్ సంస్థ యంత్రమును, దానిని మోయు ఉక్కుచట్రమును మాత్రమే చేసెడిది. పైదేహమును వేఱొకరు నిర్మించెడివారు. నిజాము బండికి దేహమును గట్టినవారు లండను నగరపు బార్కర్ సంస్థవారు. వారు పూర్వము గుఱ్ఱపుబండ్లకు పేరొందినవారు. కావున ఒక్క బండికి ఇరువురు కర్తలు, రెండు పుట్టుపూర్వోత్తరములు. ఆ తరగతి బండ్లకు ‘సిల్వర్ గోస్ట్’ అను పేరు వచ్చిన విధమును విచిత్రమే. 1907లో వెండివన్నె పూసిన ఒక బండికి పెట్టిన పేరది. కాలక్రమమున 40/50 అశ్వశక్తి తరగతి కంతకును చెల్లినది. పేరును బట్టి నిజాము బండి వెండివన్నెదని తలచువాడు పొరపడును.

పేరుకంటె నమ్మదగినది అంకె. ప్రతి చట్రమునకును ఒక సంఖ్య కలదు. ఆ సంఖ్య క్రింద మొదటి యజమాని పేరు, పంపిన తేదీ, కోరిన సదుపాయములు సంస్థవారు పత్రములపై వ్రాసియుంచిరి. ఆ పత్రములు నేటికిని ఇంగ్లండులో భద్రముగ నున్నవి. చట్రముపై అంకె, యంత్రముపై అంకె ఆ పత్రముతో సరిపోయినచో బండి తన యంత్రముతోనే యున్నదని తెలియును. సరిపోనిచో నడుమ ఎప్పుడో మార్పు జరిగినదని తేలును.

ఇక పోయిన భాగముల మాట. సులువుగ ఊడివచ్చునవియు, వెల పలుకునవియు మొదట పోవును: దీపములు, బూర, గడియారము, పనిముట్లు, ముందుభాగమున నిలుపు బొమ్మ. కప్పు మడచుటకు వీలైన బండ్లలో నష్టము మఱింత యెక్కువ. గుడ్డకప్పు ఎండకు వానకు చివికిపోవును; దానిని మోయు కొయ్యవాసములను చెదలు తినును; తుదకు ఇనుపబందులు మాత్రము మిగులును. అయినను ఆనవాళ్ళుండును. దీపము పోయినను దానిని బిగించిన మరలరంధ్రములు నిలుచును. రంగు మీద రంగు పూసినను, మెల్లగా గీకినచో అడుగుపొర మొదటి వన్నెను చూపును. అదే కాలపు తోబుట్టు బండ్లను, ప్రాతఛాయాచిత్రములను పోల్చిచూచినచో తక్కిన సందేహములు చాలవరకు తీరును.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్తది కాదు. తాటాకు గ్రంథములను పరిష్కరించిన పండితులు చేసినదియు నిదియే. సి. పి. బ్రౌను వేమన పద్యముల ప్రతులను పలుచోట్లనుండి సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి 1829లో ముద్రింపించెను. ఆకు విరిగి అక్షరములు పోయినచోట నిజాయితీ గల పరిష్కర్త ‘గ్రంథపాతము’ అని గుర్తుంచును. తాను పూరించినచో పూరణమని చెప్పును. బండిని బాగుచేయువానికిని ఇదియే ధర్మము. క్రొత్తగా పోతపోయించిన దీపమును ప్రాతదని చూపుట, పద్యమున తన పాదమును చేర్చి కవిదని చెప్పుటతో సమానము. పోయిన భాగమును మరల చేయించుట తప్పు కాదు. చేయించితినని వ్రాసియుంచకపోవుట తప్పు.

వ్రాత లేనిచోట కట్టుకథ పెరుగును. కారు అమ్మువాడు చిన్నచూపు చూడగా కోపించిన ప్రభువు రోల్స్ రాయిస్ బండ్లను కొని వీథులలో చెత్త నెత్తించెనను కథ కలదు. దానిని కొందఱు అల్వారు రాజునకును, కొందఱు పటియాలా రాజునకును, మఱికొందఱు నిజామునకును అంటగట్టుదురు. ఒకే కథ ఇందఱికి చెల్లుటయే దానిని నమ్మరాదనుటకు గుర్తు.

ప్రభుత్వమును ఈ విషయమున కొంత శ్రద్ధ వహించినది. 50 ఏండ్లు నిండి, పెద్ద మార్పులు లేక మూలరూపమున నిలిచిన బండ్లకు ప్రత్యేక నమోదు నిచ్చు నియమములను 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. మూలరూపమేదో నిరూపించుటకు మరల కాగితములే శరణ్యము.

కాగితములను కాపాడుట గ్రంథాలయముల పని. 1918లో వేటపాలెమున స్థాపింపబడిన సారస్వత నికేతనము ప్రాతపత్రికలను భద్రపఱచుటచే నేటికిని పరిశోధకులకు గమ్యస్థానమై యున్నది. ప్రభువుల బండ్లకు సీమలో పత్రములున్నవి. పల్లెటూరి వస్తువులకు ఎవరు వ్రాసిరి? బావికడ నీరు తోడిన నూనె యింజను, పత్తి గింజ తీసిన యంత్రము, పెండ్లిండ్లలో పాడిన గ్రామఫోను తూకమునకు పోకమునుపు, దానిపై ఇత్తడిరేకున నున్న అంకెను, కొన్న సంవత్సరమును, నడపినవారి పేర్లను ఒక పుస్తకమున కెక్కించి గ్రంథాలయమున నుంచుట కెంత శ్రమ? ఇనుమును మరల పోతపోయవచ్చును. ఎఱిగిన పెద్దలు గతించిన పిమ్మట వారి జ్ఞాపకమును పోతపోయు కొలిమి లేదు.