వేలిముద్ర ఎవరిది? 1911 చట్టం నుండి పెద్దపల్లి దాకా

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

అడ్మిషన్ల టైమ్ వచ్చిందంటే హన్మకొండ జిరాక్స్ షాపుల కాడ మన తండాల, గూడేల పిల్లలు చాలామంది కనబడతరు. హాస్టల్‌కు ఒక ఆధార్ కాపీ, స్కాలర్‌షిప్‌కు ఒకటి, సిమ్‌కు ఒకటి, రూమ్ ఓనర్‌కు ఒకటి. ఎవరు అడిగినా ఇస్తం. ఎందుకని మాత్రం అడగం. ఈ అడగకపోవడం వెనుక చాలా పాత చరిత్ర ఉంది.

వేలిముద్రల పద్ధతి పెరిగింది మన దేశంలోనే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల ఆఫీసరు ఒక ఒప్పంద పత్రం మీద కాంట్రాక్టర్ చేతి ముద్ర వేయించుకున్నడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టిన్రు. లక్షల ముద్రల్లో ఒకదాన్ని వెతికి పట్టుకునే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనదేశపు ఉద్యోగులు. పేరు మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీకి పోయింది.

ఈ పద్ధతి ఎవరి మీద వాడిన్రు? 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. మొదట ఉత్తర భారతానికే ఉండేది. 1911లో దాన్ని బ్రిటిష్ ఇండియా మొత్తానికి విస్తరించిన్రు. ఒక తెగను నోటిఫై చేస్తే ఆ తెగవాళ్ల పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కించొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, ఊరు మారితే చెప్పాలని ఆంక్ష పెట్టొచ్చు. నేరం చేసిండా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆ తెగలో పుడితే చాలు. మన వరంగల్ అప్పుడు నైజాం కింద ఉంది కానీ, అటు మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఎరుకల అన్నదమ్ముల మీద ఈ చట్టం పడ్డది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ అట్ల పుట్టిందే. చట్టాన్ని 1952 ఆగస్టు 31న రద్దు చేసిన్రు. మచ్చ మాత్రం అంత తొందరగా పోలేదు.

చట్టం పరిధిలోకి రానోళ్లకు ఇంకో ముద్ర ఉండేది. షావుకారి దగ్గర అప్పు కాగితం మీద బొటనవేలు. అందులో ఏం రాసి ఉందో వేలు పెట్టినోళ్లకు తెలియదు.

అయితే కాగితమంతా చెడ్డదని మేము అనట్లేదు. 1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు వచ్చింది. అప్పటి నుండి సర్టిఫికెట్ అంటే సీటు, ఫీజు, ఉద్యోగం. కాగితం లేనోడికి హక్కు లేదన్నట్లయింది. అందుకే అడిగితే కాదనడానికి భయం. ఇస్తే ఎటు పోతుందో తెలియదు, ఇవ్వకపోతే పని ఆగుతది. మన ఇబ్బంది మొత్తం ఇదే.

2010 సెప్టెంబర్ 29న దేశంలో మొదటి ఆధార్ నంబర్లు ఇచ్చింది కూడా ఆదివాసీ ఊర్లోనే, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభ్లీలో. ఎనిమిదేండ్లకు మన పక్కనే పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఏం జరిగిందో చూడండి. 2018లో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుండి భూమి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసిండు. వాటి మీద జనం ఆధార్ నంబర్లు, వేలిముద్రలు రెండూ ఉన్నయి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే ఆ ముద్రలకు నకళ్లు తయారుచేసి, వాళ్ల పేర్ల మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. భూమి అమ్ముకున్న రైతు ఆఫీసులో వేలు పెట్టింది ఒక పనికి. వాడింది ఇంకో పనికి. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం కదా.

చట్టం ఇప్పుడు కొంత మన దిక్కు ఉంది. 2017 ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ చెప్పింది. 2018 సెప్టెంబర్ 26 తీర్పులో బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు, స్కూల్ అడ్మిషన్‌కు ఆధార్ తప్పనిసరి కాదన్నది. సర్కారు ఇచ్చే సబ్సిడీలకు, పాన్‌కు మాత్రం ఉంచింది. కాబట్టి అడిగే ప్రతి ఒక్కరికీ ఒకే జవాబు ఉండదు.

మరి మనం ఏం చేయాలె?

మొదటిది, "ఎందుకు సార్?" అని మర్యాదగా అడగాలె. వేరే గుర్తింపు కార్డు నడుస్తదా అని కూడా అడగాలె. రూమ్ ఓనర్‌కు కాలేజీ ఐడీ సరిపోవచ్చు.

రెండోది, ఆధార్ ఇవ్వాల్సొస్తే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనబడతయి. కాపీ మీద ఏ పనికి, ఏ తేదీన ఇచ్చిన్రో రాసి సంతకం పెట్టండి.

మూడోది, ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ చేయండి. వేలు పెట్టే పని ఉన్నప్పుడు తెరవండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. తండాల్లో, గూడేల్లో మన అమ్మలు, తాతలు పింఛన్ కోసం మిషన్ మీద వేలు పెడుతున్నరు. మిషన్ మీద ఎంత పడ్డది, చేతికి ఎంత ఇచ్చిన్రు, ఎన్నిసార్లు వేలు పెట్టమన్నరు అని పక్కన నిలబడి చూసేటోడు కావాలె. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ పని మీరే చేయండి. వాళ్ల ముందు తరం వేలు పెట్టినప్పుడు కాగితం చదివి చెప్పేటోళ్లు లేరు. ఇప్పుడు మనం ఉన్నం.