దున్నని పచ్చికలో స్టైలో

పాత గడ్డినేలను దున్నకుండానే అందులో కొత్త మేత మొక్కను నిలబెట్టే పద్ధతి ఇది. న్యూజిలాండ్, బ్రిటన్ వంటి చలి దేశాల్లో ఇలా టర్నిప్ వేస్తారు. వికారాబాద్ వైపు ఎర్రనేలల బీళ్లకు మాత్రం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన స్టైలో అనే మేత మొక్క తగినది.

కష్టమంతా విత్తనం దగ్గరే. పైపొర గట్టిది, నీరు పీల్చదు. అందుకే 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి చల్లాలి. అంతకు ముందే పశువులతో గడ్డిని పొట్టిగా మేపించి, తొలకరి తడికి ముళ్లకంప ఈడ్చి నేలను గీకాలి. విత్తనం సన్నం, లోతుగా పడితే మొలవదు.

పప్పుజాతి మొక్క కాబట్టి నేలకు నత్రజనీ చేరుతుంది.

తాండూరు నల్లరేగడి సంగతి వేరు. అది 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే నేల. నీరు నిలిచే రేగడిలో స్టైలో వేయకపోవడమే మేలు.