నోటీసు బోర్డు వెనక వరంగల్

హనుమకొండలో ఏ బీఈడీ కాలేజీ గుమ్మం ఎక్కినా ముందు కనిపించేది నోటీసు బోర్డే. ఈ వారం సంగతులు, వచ్చే వారం సంగతులు అన్నీ దాని మీదే ఉంటాయి. ఇంటర్న్‌షిప్‌కు ఎవరికి ఏ బడి పడింది, లెసన్ ప్లాన్ రికార్డు ఎప్పటిలోగా సంతకానికి పెట్టాలి, టీచర్ అర్హత పరీక్ష టెట్ దరఖాస్తుకు ఆఖరి తేదీ ఏది, స్థానికత రుజువుకు ఏయే తరగతుల స్టడీ సర్టిఫికెట్లు తేవాలి. ఛాత్రోపాధ్యాయులు ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూసి, ఫోన్లో ఫొటో తీసుకుని క్లాసుకు పరుగెడతారు. అలా ఫొటోకు ఎక్కే పంక్తుల్లో చాలావాటికి ఈ ఊళ్లోనే చరిత్ర ఉంది. కొన్నిటి వెనక లాఠీ దెబ్బలు, తుపాకీ గుళ్లు కూడా ఉన్నాయి.

స్థానికత సంగతే ముందు చెప్పుకోవాలి.

1952 వేసవి గడిచి బడులు తెరిచిన రోజులు. హైదరాబాద్ రాష్ట్రంలో ఎన్నికైన తొలి ప్రభుత్వం, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. వరంగల్ డివిజన్‌లో స్థానిక టీచర్లను బదిలీ చేసి, వాళ్ల స్థానాల్లో బయటి ప్రాంతాల వాళ్లను, అంటే నాన్ ముల్కీలను నియమిస్తున్నారని ఫిర్యాదులు మొదలయ్యాయి. జూలై చివర్లో విద్యాశాఖ డిప్యూటీ డైరెక్టర్ షెండార్కర్ విచారణకు వరంగల్ వచ్చారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నాన్ ముల్కీ గో బ్యాక్ అన్న కేక హనుమకొండలో లేచి నెల తిరిగేసరికి హైదరాబాద్ చేరింది. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ కాల్పుల మీద జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. అప్పటికి ఇంటర్మీడియట్ చదువుతున్న కొత్తపల్లి జయశంకర్ కూడా ఆ ఆందోళనలో పాల్గొన్నాడు. అక్కంపేటలో పుట్టిన ఆ కుర్రాడు తర్వాత సీకేఎం కాలేజీ ప్రిన్సిపాల్, కాకతీయ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యాడు. తెలంగాణ రాష్ట్ర సాధనకు సిద్ధాంతకర్త కూడా ఆయనే.

ఈ ఘట్టాన్ని ముల్కీ ఉద్యమంగా, రాజకీయ చరిత్రగా చాలామంది రాశారు. దాని మొదట్లో ఉన్నది బడిపంతుళ్ల ఉద్యోగాలన్న సంగతి మాత్రం వెనక్కు పోయింది. పంతుళ్లను బయటి నుంచి తేవాల్సిన పరిస్థితి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న ఇంకా వెనక్కు పోయింది.

జవాబు నిజాం కాలపు బళ్లలో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దేశభాషలో పైచదువు చెప్పడం గొప్ప ప్రయోగమే. కానీ వరంగల్ సుబాలో ఇళ్లలో మాట్లాడే భాష తెలుగు. పిల్లవాడు ఇంట్లో ఒక భాష, బళ్లో మరో భాష నేర్చి, ఆ రెండో భాషలోనే లెక్కలూ చరిత్రా బట్టీ పట్టాలి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అన్న గ్రంథాలయం వెలిసిందంటే, తెలుగు చదువుకు బడి బయట చోటు వెతుక్కోవాల్సి వచ్చిందని అర్థం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నాటి నుంచీ చదువు తెలుగులో కావాలన్న కోరిక వినిపిస్తూనే ఉంది. ప్రైవేటు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన కాలం అది. 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యత పది శాతానికి కూడా చేరలేదు.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిశాక బడి భాష తెలుగుకు మారింది. ఉత్తర్వుతో భాష మారుతుంది కానీ పంతులు మారడు. ఉర్దూలో చదివి, ఉర్దూలో శిక్షణ పొందిన మనిషి రాత్రికి రాత్రి తెలుగులో భౌతికశాస్త్రం ఎలా చెబుతాడు? తెలుగులో, ఇంగ్లీషులో చెప్పగల ట్రెయిన్డ్ టీచర్లు దొరికింది కోస్తా జిల్లాల్లో. వాళ్లు వచ్చారు. ఇక్కడి చదువుకున్న కుర్రాళ్లకు దక్కాల్సిన కొలువులు వాళ్లకు పోయాయి. తప్పు వచ్చిన టీచర్లది కాదు. ఇక్కడి పిల్లల భాషలో ఇక్కడి పంతుళ్లను తయారుచేసే ఏర్పాటును ముందు తరాలు చేయలేదు. 1952లో వరంగల్ వీధుల్లో పేలింది ఆ లోటే.

ఆ తర్వాతి పాతికేళ్లు ఈ లోటును కాగితాల మీద పూడ్చే ప్రయత్నాలతో గడిచాయి. 1956 ఫిబ్రవరి పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణ విద్యాసంస్థల్లో సీట్లు తెలంగాణ విద్యార్థులకేనంది. అది సరిగా అమలు కాకపోవడం 1969 ఉద్యమానికి ఒక కారణమైంది. 1973లో ఆరు సూత్రాల పథకం, 1974లో ప్రవేశాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు, 1975లో ఉద్యోగాల మీద మరో ఉత్తర్వు వచ్చాయి. సీట్లలో 85 శాతం స్థానికులకన్న లెక్క అక్కడిదే. అందుకే ఇప్పటికీ బీఈడీ ప్రవేశాల ఎడ్‌సెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లే అమ్మాయి ఏ తరగతి ఎక్కడ చదివిందో కాగితాలు పట్టుకుని వరుసలో నిలబడుతుంది.

1976 ఆగస్టులో కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టింది. అంతకుముందు ఇక్కడున్నది ఉస్మానియా వారి పీజీ సెంటరే. కొత్త విశ్వవిద్యాలయానికి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాలు దక్కాయి. గోదావరికి ఇటూ అటూ పరుచుకున్న ఆ ప్రాంతంలో పంతులు కావాలనుకున్న వాళ్లకు చదువు చెప్పి, పరీక్ష పెట్టి, పట్టా ఇచ్చే ఊరు హనుమకొండ అయింది. అప్పటికే పనిలో ఉన్న టీచర్లకు విశ్వవిద్యాలయ దూరవిద్యా కేంద్రం బీఈడీ చదివే దారి చూపింది.

తెలుగులో పంతుళ్లను తయారు చేయాలంటే తెలుగులో పుస్తకాలుండాలి. ఇక్కడ మరో హనుమకొండ విద్యార్థి గుర్తుకొస్తాడు. పాములపర్తి వెంకట నరసింహారావు హైస్కూలు చదువు హనుమకొండలోనే సాగింది. వందేమాతరం పాడిన విద్యార్థులను నిజాం సర్కారు కాలేజీల నుంచి వెళ్లగొట్టినప్పుడు ఆయనా బయటపడి, నాగపూర్ వెళ్లి చదువుకున్నాడు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడితే మొదటి అధ్యక్షుడు ఆయనే. ఛాత్రోపాధ్యాయుల చేతికి విద్యా మనోవిజ్ఞానం, బోధనాపద్ధతులు తెలుగులో వచ్చాయంటే ఆ అకాడమీ పుస్తకాల వల్లే. నూరు గైడ్లు మార్కెట్లోకి వచ్చినా టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీకి చదివేవాళ్లు ఇప్పటికీ ముందు అడిగేది అకాడమీ పుస్తకం ఉందా అనే.

పీవీ కథ అక్కడితో ఆగలేదు. 1985లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యారు. మరుసటి ఏడు వచ్చిన జాతీయ విద్యావిధానం ఆయన హయాంలోనిదే. జిల్లాకో శిక్షణ సంస్థ ఉండాలన్న డైట్‌ల ఆలోచన అందులోంచే పుట్టింది. వరంగల్ జిల్లాకు డైట్ హనుమకొండలో వెలిసింది. ప్రాథమిక తరగతులకు చెప్పే పంతుళ్లు అక్కడ తయారవుతారు.

ఇంత యంత్రాంగం దేనికోసం? ఒక మనిషి పిల్లల ముందు నిలబడి, వాళ్లకు అర్థమయ్యేలా పాఠం చెప్పడం కోసం. ఆ పని పుస్తకంతో రాదు కాబట్టే హనుమకొండలో ఒక సర్కారు బడికి ప్రాక్టీసింగ్ హైస్కూల్ అన్న పేరు నిలిచింది. ట్రైనీలు వచ్చి పాఠం చెప్పి నేర్చుకునే బడి అన్నమాట. పిల్లలకు కొత్త సార్లు, కొత్త మేడంలు. ట్రైనీకి మొదటిసారి నలభై జతల కళ్లు.

బీఈడీ ఒక్క ఏడాదే ఉన్న రోజుల్లో రెండు మెథడ్లలో కలిపి నలభై పాఠాలు చెప్పాలి. పాఠానికో ప్లాన్ రాయాలి. లక్ష్యాలు, స్పష్టీకరణలు, బోధనా కృత్యాలు, నల్లబల్ల పని, మూల్యాంకనం అంటూ నిలువు గడులు గీసుకుని రాత్రంతా కూర్చుని రాసేవారు. ఆ గడుల్లో సగం జర్మనీ విద్యావేత్త హెర్బార్ట్ శిష్యులవి, సగం అమెరికా ఆచార్యుడు బ్లూమ్ 1956లో ప్రకటించిన వర్గీకరణవి. ఆ పాఠాలకు ముందు సూక్ష్మబోధన ఉంటుంది. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి. మన దేశంలో దాని లెక్క 36 నిమిషాలు: ఆరు నిమిషాలు చెప్పడం, ఆరు నిమిషాలు లోటుపాట్లు వినడం, పన్నెండు నిమిషాలు మళ్లీ సిద్ధం కావడం, ఆరు నిమిషాలు మళ్లీ చెప్పడం, ఆరు నిమిషాలు మళ్లీ వినడం. తోటి ట్రైనీలే ఆరో తరగతి పిల్లలుగా నటిస్తారు. ప్రశ్న వేసే తీరు ఒకరోజు, ఉదాహరణ ఇచ్చే తీరు మరోరోజు. ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి నేర్పుతారు. అసలు బళ్లోకి వెళ్లాక వెనక బెంచీలో సూపర్‌వైజర్ నోటుబుక్ తెరుచుకుని కూర్చుంటే, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి వణకని ట్రైనీ అరుదు.

ఈ నలభై పాఠాల పద్ధతికి ఒక జబ్బు పట్టింది. 2000 తర్వాత ప్రైవేటు బీఈడీ కాలేజీలు విపరీతంగా పెరిగాయి. హాజరు లేకుండా పట్టాలిచ్చే చోట్లున్నాయన్న మాట విద్యావర్గాల్లో బాహాటంగానే వినిపించింది. రికార్డు రాయడం పాఠం చెప్పడాన్ని మింగేసింది. నిరుటి రికార్డు చూసి ఈ ఏటి రికార్డు రాసినవాడు పిల్లల ముందు నిలబడక్కర్లేకుండానే పట్టభద్రుడైతే, ఆ నష్టం ఏ మారుమూల బళ్లోనో మూడో వరసలో కూర్చున్న పిల్లది. దేశమంతటా ఇదే గోడు. టీచర్ల శిక్షణ మీద జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక, దాని వెంట జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు వచ్చాయి. 2015-16 నుంచి బీఈడీ రెండేళ్లయింది. బళ్లో గడపాల్సిన కాలం కనీసం 20 వారాలైంది. నోటీసు బోర్డు మీద ఇంటర్న్‌షిప్ బడుల జాబితాకు అంత గిరాకీ అందుకే. వారం రోజుల్లో పాఠాలు ముగించుకుని రావడం ఇక కుదరదు. ప్రార్థన నుంచి మధ్యాహ్న భోజనం దాకా బడిని చూడాలి.

బీఈడీ కాలేజీల బయట నేర్చిన పాఠాలు కూడా వరంగల్‌కు ఉన్నాయి. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం డీపీఈపీ ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల్లో మొదలైంది. విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్‌తో పాటు అయిదోది వరంగల్. అంతకుముందే బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఏపీపీఈపీ చేసి నేర్చుకోవడం, జట్లలో పని, పరిసరాల్లోంచి ఉపకరణాలు, పిల్లలు చేసినవాటిని గోడకు వేలాడదీయడం వంటివి పంతుళ్లకు అలవాటు చేసింది. చింతగింజలతో లెక్కలు, ఆకులతో సైన్సు చెప్పే టీచర్లను చూసి ఊళ్లో పెద్దలు మొదట ఆటలాడిస్తున్నారన్నారు. తర్వాత ఆ పిల్లలే ఇంటికొచ్చి లెక్క చెబితే ఒప్పుకున్నారు.

ఉమ్మడి వరంగల్ జిల్లా అంటే కోట, వేయిస్తంభాల గుడి మాత్రమే కాదు. ఏటూరునాగారం, తాడ్వాయి అడవులూ అందులోవే. అక్కడ కోయ పిల్లకు తెలుగు కూడా బడి భాషే, ఇంటి భాష కాదు. మైదానం నుంచి వచ్చిన టీచరు వర్షాలకు వాగు పొంగితే బడికి చేరలేడు. 2000 జనవరిలో జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనంది. ఇరవై ఏళ్లు ఆ ఉత్తర్వు కింద ఎందరో ఆదివాసీ యువతీ యువకులు తమ గూడేల బళ్లలోనే పంతుళ్లయ్యారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. న్యాయసూత్రం సంగతి ఎలా ఉన్నా, ఇంటి భాష తెలిసిన పంతులు కావాలని 1930ల్లో తెలుగువాళ్లు అడిగిందే కోయలు ఇప్పుడు అడుగుతున్నారు. అది విననట్టు ఉండటం మనకు తగదు.

కోర్టు తీర్పులు ఈ మధ్య నోటీసు బోర్డులను నేరుగా తాకుతున్నాయి. బీఈడీ చదివినవాళ్లు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. డైట్‌లో చదివినవాళ్లకు అది ఊరట. బీఈడీ చేసి ప్రాథమిక బడి టీచరు (ఎస్జీటీ) పోస్టు మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు దెబ్బ. 2025 సెప్టెంబరు 1న వచ్చిన మరో తీర్పు, అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ గట్టెక్కాలంది. పాతికేళ్లు పాఠం చెప్పినవాళ్లు తమ శిష్యుల పక్క బల్ల మీద కూర్చుని పరీక్ష రాయాల్సిన పరిస్థితి వచ్చింది. 2025 ఎడ్‌సెట్‌ను నడిపింది కాకతీయ విశ్వవిద్యాలయమే. రాష్ట్రమంతా బీఈడీ ఆశావహులకు ప్రశ్నపత్రం ఆ ఏడు ఇక్కడి నుంచే వెళ్లింది.

1959 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ ఇప్పుడు ఎన్ఐటీ. ఇంజినీర్ల కోసం కట్టిన ఆ ఆవరణలో ఈనాడు నాలుగేళ్ల సమీకృత బీఎస్సీ బీఈడీ కూడా నడుస్తోంది. 2030 నాటికి టీచరుకు కనీస అర్హత నాలుగేళ్ల పట్టాయే కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఇంటర్ కాగానే పంతులు కావాలని నిర్ణయించుకుని నాలుగేళ్లు అందులోనే గడిపేవాళ్లు రావడం మంచిదే. అయితే ప్రవేశ పరీక్ష దేశమంతటికీ ఒక్కటే. చదువు ఇంగ్లీషులో. వరంగల్ బడి పిల్లలది మరో సంగతి.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగు అకాడమీ పుస్తకాలతో బీఈడీ చేసి, తెలుగులో నలభై పాఠాలు చెప్పి కొలువు సంపాదించిన టీచర్లు ఈ పుస్తకం పట్టుకుని క్లాసులోకి వెళుతున్నారు. ఉర్దూ నుంచి తెలుగుకు మారినప్పుడు పంతుళ్లకు కొత్త భాషలో శిక్షణ ముందే ఇవ్వకపోతే ఏం జరుగుతుందో వరంగల్‌కు తెలిసినంతగా మరో ఊరికి తెలియదు. రెండు పేజీల మధ్య పిల్లను నడిపించడం ఎలాగో నేర్పే వారం ఒకటి హనుమకొండ కాలేజీల్లోనూ, డైట్‌లోనూ, పనిలో ఉన్న టీచర్ల శిక్షణలోనూ ఇంటర్న్‌షిప్ కంటే ముందే ఉండాలి. ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టొచ్చు, దానికి కావాల్సిన బడులు, పుస్తకాలు, అనుభవమున్న సార్లు, మేడంలు అందరూ ఇక్కడే ఉన్నారు.