మా అమ్మ వద్దన్న పని

"నర్సింగులో చేరేముందు ఒక ఏడాది ఆసుపత్రిలో పని చేస్తే మంచిదంటున్నారు. చెయ్యమంటావా అక్కా?" అని మా వాడ ఆడపిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఇప్పుడు ఆ పనికి పేర్లు మారాయి. నర్సింగ్ అసిస్టెంట్ అంటున్నారు, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అంటున్నారు. మా రోజుల్లో ఒకటే పేరు, ఆయా. ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేను. దీని వెనక మూడు తరాల ఆడాళ్ళ బతుకుంది.

మా నాయనమ్మ మాదిగ మంత్రసాని. గుంటూరు జిల్లాలో మా ఊరి పెద్ద కులాల ఇళ్ళల్లో పుట్టిన పిల్లల్ని మొదట ముట్టింది ఆమె చేతులే. నొప్పులొస్తే దొడ్డిదారిన పిలుచుకెళ్ళేవాళ్ళు. బొడ్డు కోసి, మాయ పూడ్చి, నెత్తురు కడిగేది. పురిటి స్నానాలు అయ్యాక అదే బిడ్డను ఆమె ముట్టుకుంటే మైల! చాటెడు వడ్లు, ఒక పాత కోక ఇచ్చి పంపేవాళ్ళు. ప్రాణం నిలిపే పనిని అంటరాని పనిగా చేసింది ఈ కులవ్యవస్థ.

ఆ పనికి చదువుంటుందని, జీతముంటుందని మావాళ్ళు చూసింది మిషన్ ఆసుపత్రుల్లో. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరమ్మ ఆనా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె కట్టించిన ఆడవాళ్ళ ఆసుపత్రి 1898లో తెరిచారు. పరాయివాళ్ళ ఒళ్ళు ముట్టాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రి డ్యూటీలు చెయ్యాలి అని పెద్ద కులాలవాళ్ళు తమ ఆడపిల్లల్ని నర్సింగుకు పంపడానికి వెనకాడారు. ఆ చోట క్రైస్తవ ఆడపిల్లలు నిలబడ్డారు. వాళ్ళల్లో మాల మాదిగ ఇళ్ళ పిల్లలున్నారు. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43 వేల మందికి ఒక్క నర్సు తేలింది. ఆ కొరతకు డబ్బులేమి ఒక్కటే కారణమా? కులం కారణం కాదా?

అయితే ఆసుపత్రిలోనూ మెట్లున్నాయి. డాక్టరు, సిస్టరు, కాంపౌండరు, ఆయా, తోటి. చదువు దొరికిన మా ఆడపిల్ల టోపీ పెట్టుకొని పైమెట్టు ఎక్కింది. దొరకనిది బెడ్‌పాన్ పట్టుకొని కిందే ఉండిపోయింది. మా అమ్మ ఐదో తరగతితో ఆగిపోయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేరింది. నుదుటి మీద చెయ్యేసి జ్వరం ఎంతో చెప్పేది. కొత్తగా వచ్చిన సిస్టర్లకు రోగిని నొప్పి లేకుండా పక్కకు ఎట్లా తిప్పాలో నేర్పేది. "వచ్చే ఏడు నిన్ను ట్రైనింగుకు పంపుతాం" అని చెప్తానే ఇరవై ఏళ్ళు గడిపేశారు.

1989లో నేను ఇంటర్ పాసయ్యాను. నర్సింగులో చేరాలంటే పదిహేడేళ్ళు నిండాలి. నాకింకా పదహారే. ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆయా పని ఉందన్నారు, నెలకు రెండొందలు. మా మేనత్త "పని తెలిసిద్ది, పోనీయ్ వదినా" అంది. అమ్మ మాత్రం "ఒద్దు. ఆ గిన్నె ఒకసారి పట్టుకున్నావంటే సూది నీ చేతికియ్యరే" అంది. ఇంట్లో జరుగుబాటు లేదు. ఆఖరికి ఒక షరతు పెట్టింది. మొదటి జీతంలోంచి దరఖాస్తు డబ్బులు తీసి తనకివ్వాలి. సీటొచ్చిన రోజే పని మానెయ్యాలి.

పదకొండు నెలలు చేశాను. పక్కపుండ్లు ఎందుకు పడతాయో, చచ్చిపోయే మనిషి దగ్గర ఎట్లా కూర్చోవాలో అక్కడే నేర్చుకున్నాను. ఇంటర్వ్యూకి సెలవడిగితే యజమాని డాక్టరు నవ్వాడు. "ఆ చదువెందుకమ్మాయ్? ఇంజక్షన్లు మేమే నేర్పుతాం. తెల్ల డ్రెస్సు ఇస్తాం, ఇంకో వంద ఇస్తాం" అన్నాడు. నిజం చెప్తున్నా, ఆ రాత్రి నా మనసు ఊగింది. వంద రూపాయలంటే మా ఇంట్లో పది రోజుల బియ్యం. అమ్మ ఒకటే మాటంది. "కాయితం లేని సూది నీది. తప్పొస్తే తల కూడా నీదే."

పొద్దున్నే ఇంటర్వ్యూకి పోయాను. సీటొచ్చింది.

నర్సింగ్ స్కూల్లో మొదటి నెల బెడ్‌పాన్ల పని వస్తే తోటి పిల్లలు ముక్కులు మూసుకున్నారు. "నీకు అలవాటేగా" అని అన్నీ నాకే తోశారు. వారం రోజులు చేశాను. తర్వాత ట్యూటర్ దగ్గరకెళ్ళి వంతులు రాయమని అడిగాను. నాకు పని చేతకాక కాదు, అది అందరూ నేర్చుకోవాల్సిన పని కాబట్టి అడిగాను. వంతులు రాశారు. నేను ఆయాగా చేసిన సంగతి కూడా ఇక దాచుకోలేదు.

అందుకని చెల్లెళ్ళకు చెప్పేదిది. మనిషి ఒళ్ళు కడగడంలో సిగ్గేమీ లేదు. వీలుంటే చెయ్యండి, నేర్చుకోండి. కానీ ఆయాగా చేసిన ఏళ్ళు నర్సింగ్ సీటుకు అర్హత కావు. ఇంటర్ మార్కులు కావాలి, వయసు నిండాలి. ముందు దరఖాస్తు సంగతి చూసుకోండి, తర్వాత పనికి పోండి. ఎప్పుడు మానేస్తారో మొదటి రోజే తేదీ పెట్టుకోండి. జీతం లేకుండా "అనుభవం" ఇస్తామంటే నమ్మకండి. సర్టిఫికెట్ లేకుండా సూది చేతికిస్తే పట్టుకోకండి. ఇతరులకు అది ఒక ఏడాది అనుభవం. మా అమ్మకు మాత్రం ఆ ఏడాది ఇరవై ఏళ్ళయింది.