‘షెర్రీ’ అను పేరు

ఆంగ్ల నవలలు చదువువారికి ‘షెర్రీ’ అను మాట పరిచితమే. విందుకు ముందు అతిథులకు చిన్న గాజు పాత్రలలో ఇచ్చు ద్రాక్షాసవమది. ద్రాక్షరసము పులిసిన పిదప, ద్రాక్షనుండియే దింపిన సారాయిని కొంత చేర్చి దాని బలము హెచ్చింతురు. ఇది తయారీ సంగతి. పేరు మాత్రము ఒక ఊరిది.

దక్షిణ స్పెయిన్‌లో కాడిజ్ రేవుకు చేరువగా హెరెస్ అను పట్టణము కలదు. అరబ్బులు ఆ సీమ నేలిన కాలమున దానిని ‘షరీష్’ అనిరి. 1264లో కాస్టీలు రాజు పదవ అల్ఫాన్సో ఆ పట్టణమును వశపరచుకొనెను. కొత్త ప్రభువులు కూడ పేరులోని మొదటి అక్షరమును ‘ష’కారముగనే పలికిరి. ఆనాటి ఉచ్చారణ ఇంచుమించు ‘షెరెస్’.

సరకుతోపాటు ఆ పలుకుబడియు ఓడలెక్కి ఇంగ్లండు చేరినది. 1587లో ఫ్రాన్సిస్ డ్రేక్ కాడిజ్‌పై దాడి చేసి, దాదాపు 2,900 పీపాల ఆసవమును కొల్లగొట్టెనని చెప్పుదురు. షేక్‌స్పియరు ‘నాలుగవ హెన్రీ’ నాటకము రెండవ భాగమున ఫాల్‌స్టాఫ్ దీనిని ‘షెరిస్’ అనియే పొగడును. అయితే ఆంగ్లమున పదాంత ‘స’కారము బహువచన చిహ్నము గదా! ‘షెరిస్’ బహువచనమని తలచి, జనులు ఆ చివరి అక్షరమును తొలగించిరి. ‘షెర్రీ’ మిగిలినది.

ఇంతలో స్పెయిన్‌లో వేరొక మార్పు జరిగినది. 16, 17 శతాబ్దులలో అచటి ‘ష’కారము క్రమముగా కంఠమునకు జారి, ‘హ’కారమునకు దగ్గరైనది. ఊరివారు విడిచిన ప్రాచీన ధ్వనిని పరదేశీయులు నిలుపుకొనిరి!

పేరు ఊరిని మరచుటతో చిక్కు వచ్చినది. దక్షిణాఫ్రికాలో, సైప్రస్‌లో, బ్రిటనులో చేసిన ఆసవములును ‘షెర్రీ’ పేరుతో అమ్ముడుపోయినవి. వివాదము లండన్ న్యాయస్థానమునకు ఎక్కినది. విశేషణము లేని ‘షెర్రీ’ హెరెస్ ప్రాంతపు ఆసవమే యని 1967లో తీర్పు వచ్చినది. కాని హెరెస్ వర్తకులు చిరకాలము ఊరకుండినందున, ‘బ్రిటిష్ షెర్రీ’ వంటి పేర్లను న్యాయస్థానము నిషేధింపలేదు. మౌనమునకు చెల్లించిన మూల్యమది. స్పెయిన్ 1986లో ఐరోపా సమాజమున చేరిన తరువాత, 1996 నుండి ఆ దేశములలో ‘షెర్రీ’ పేరు హెరెస్ ప్రాంతమునకే దక్కినది.

నేడు ఆ ఆసవపు అధికార నామమున మూడు పేర్లు వరుసగా నుండును: స్పానిష్ వారి హెరెస్, ఫ్రెంచివారి క్సెరెస్, ఆంగ్లేయుల షెర్రీ. మూడును ఒక ఊరి పేరే.