బ్రేకు తొక్కితే ముందు వెలిగింది

బ్రేకు తొక్కాడు. వెనక ట్రాలీకి ఎర్రలైటు వెలగాలి. వెలగలేదు. ట్రాక్టరు ముందున్న పార్కింగ్ లైట్లు మాత్రం గుడ్డిగా వెలిగాయి. కాలు తీశాడు. ఆరిపోయాయి.

"నాయనా, ఇంగోసారి తొక్కు," అన్నాడు పక్కన నిలబడిన కొడుకు. పదో తరగతి పిల్లోడు. గొంతులో భయమూ ఉంది, సరదా కూడా ఉంది. "బండికి దయ్యం పట్టింది."

రైతు నవ్వలేదు. ట్రాలీలో వంద క్రేట్ల టమోటా ఉంది. తెల్లారేసరికి మదనపల్లె మార్కెట్లో దించాలి. అప్పటికే పొద్దు గూకుతోంది. బోయకొండ వైపు నుంచి మబ్బు కిందికి దిగుతోంది.

2023 జూలై ఆఖరి వారం అది. మదనపల్లెలో మేలురకం టమోటా కిలో 200 రూపాయల అంచుకు చేరిన వారం. ధర లేనప్పుడు ఇదే కాయను రోడ్డు పక్కన పారబోసిన ఊళ్ళవి. ఇప్పుడు తోటల్లో రాత్రిళ్ళు కాపలా కాస్తున్నారు. క్రేటు పాతిక కిలోలనుకున్నా, కాయలో కొంత రెండో రకం పోయినా, ఆ టార్పాలిన్ కింద నాలుగు లక్షల సరుకుంది. పెళ్ళి అప్పు, బోరు అప్పు, డ్రిప్పు పైపుల అప్పు అన్నీ ఆ క్రేట్ల మీదే కూర్చున్నాయి. ఇంకొక్క రోజు ఆగితే ధర ఎటు పోతుందో ఎవడూ చెప్పలేడు.

"పోదాం పా బావా," అన్నాడు బామ్మర్ది. "వెనకాల సెల్లు టార్చి కట్టుకుంటే సరి. నేను బైకులో నీ వెనకాలే వస్తా."

రైతు జవాబు చెప్పలేదు. లైట్లు లేని ట్రాలీని చీకట్లో వెనక నుంచి గుద్దుకున్న బైకులు ఆ దోవలో ఎవరికీ కొత్త కాదు. అట్లాంటి ఒక బైకును పైకి లేపిన చేతుల్లో ఆయన చేతులూ ఉన్నాయి. గేరు వేశాడు. బండి పుంగనూరు రోడ్డెక్కలేదు. చౌడేపల్లె బజారులోకి తిరిగింది.

ఎలక్ట్రీషియన్ షెడ్డు షట్టరు అప్పటికే సగం దిగి ఉంది.

"అన్నా! ఒక్క నిమిషం!"

షట్టరు ఆగింది. దాని కింద నుంచి ముందు ఒక టార్చిలైటు వచ్చింది, తర్వాత మేస్త్రీ వచ్చాడు. లోపల బ్యాటరీ ఆసిడ్ వాసన, కాలిన వైరు వాసన. బయట తడిసిన మట్టి వాసన. తుంపర మొదలైంది.

"బల్బులు కొత్తవి," రైతు ఏకరువు పెట్టాడు. "సాకెట్టు కొత్తది. ఫ్యూజు చూసినా, బాగుండాది. మొన్ననే అంతా మార్పించినా. అయినా వెనక ఒక్కటీ వెలగదు. బ్రేకు తొక్కితే ముందు వెలుగుతుంది. ఇదేం కథన్నా?"

మేస్త్రీ వింటున్నట్టు లేడు. ట్రాలీ ప్లగ్గును ట్రాక్టరు సాకెట్టు నుంచి పీకాడు.

"ఇప్పుడు తొక్కు."

తొక్కాడు. ముందు లైట్లు వెలగలేదు. ప్లగ్గు మళ్ళా పెట్టాడు.

"తొక్కు."

వెలిగాయి. గుడ్డిగా, పసుపుగా.

"దయ్యం ట్రాక్టర్లో లేదప్పా," అన్నాడు మేస్త్రీ. "ట్రాలీలో ఉండాది."

సాకెట్టుకు ఏడు పిన్నులు. ఎడమ ఇండికేటర్‌కు పసుపు వైరు, కుడి ఇండికేటర్‌కు ఆకుపచ్చ. కుడి టెయిల్ లైటుకు గోధుమరంగు, ఎడమ టెయిల్‌కు నలుపు. బ్రేకుకు ఎరుపు. నీలం పొగమంచు లైటుకు. మూడో పిన్నుకు తెలుపు. కాయితం మీద లెక్క ఇదీ. కానీ రిపేరు చేసిన ప్రతి చెయ్యీ ఆ పూటకు దొరికిన రంగు వైరు ముక్కను అతికించుకుంటూ పోతుంది కాబట్టి, నాలుగేళ్ళు తిరిగిన ఏ ట్రాలీలోనైనా ఎరుపు పోయి నలుపులో కలుస్తుంది, నలుపు పోయి ఎవరింటి కరెంటు వైరులోనో తేలుతుంది, అందుకే మేస్త్రీ రంగులను నమ్మడు, చేతిలోని టెస్ట్ లైటునే నమ్ముతాడు.

12 వోల్టుల బల్బు. రెండు వైర్లు. ఒకదాని కొసకు క్లిప్పు, ఇంకోదానికి సూది. క్లిప్పు ట్రాక్టరు బాడీకి తగిలించి, సూదితో సాకెట్టు పిన్నులను ఒక్కొక్కటే తాకాడు. పార్కింగ్ వేయమన్నాడు, వెలిగింది. బ్రేకు, వెలిగింది. ఇండికేటర్, టిక్కు టిక్కుమంటూ వెలిగింది.

"ట్రాక్టరు పంపిస్తా ఉంది."

ట్రాలీ వెనక్కి నడిచాడు. ఎర్ర అద్దం విప్పాడు. క్లిప్పు ట్రాలీ ఇనుముకు కరిపించాడు. సూదిని బల్బు హోల్డరు లోపల కరెంటొచ్చే బొడిపె మీద పెట్టాడు. "బ్రేకు!"

చీకటి.

"చెప్తే వినవు గదన్నా, కరెంటే రావట్లేదు," రైతు గొంతు పెరిగింది. "వైరింగంతా పీకాల్నా ఇప్పుడు? ఈ రాత్రా?"

"గమ్మునుండప్పా రొంతసేపు."

మేస్త్రీ షెడ్డులోకి పోయి పొడుగాటి వైరు ఒకటి తెచ్చాడు. ఒక కొస ట్రాక్టరు బోల్టుకు చుట్టాడు. ఇంకో కొసకు టెస్ట్ లైటు క్లిప్పు తగిలించాడు. సూది మళ్ళా అదే బొడిపె మీద పెట్టాడు. అదే బ్రేకు.

బల్బు భగ్గున వెలిగింది. తుంపర చినుకులు ఆ వెలుగులో తెల్లగా మెరిశాయి. పిల్లోడు నోరు తెరిచాడు.

"కరెంటు ఇక్కడిదాకా వచ్చింది," అన్నాడు మేస్త్రీ. "తిరిగి పొయ్యేదానికే దోవ లేదు."

బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు బల్బును వెలిగించి, ఇనుము మీదుగా బ్యాటరీకి తిరిగి చేరాలి. ఆ తిరుగు దోవ పేరే ఎర్త్. తెల్ల వైరు ఉన్నది అందుకే. అది తెగితే కరెంటు ఊరుకోదు. బ్రేకు వైరు గుండా వచ్చి, బ్రేకు ఫిలమెంటు దాటి, అదే బల్బులోని టెయిల్ ఫిలమెంటులోకి వెనక నుంచి దూరి, టెయిల్ వైరు పట్టుకొని ట్రాక్టరు దాకా ఎదురు నడిచి, అక్కడి పార్కింగ్ బల్బుల్లోంచి బాడీకి దిగిపోతుంది. అన్ని ఫిలమెంట్లు వరసగా దాటేసరికి దేనికీ పూర్తి బలం మిగలదు. పిల్లోడు చూసిన దయ్యం అదే.

మేస్త్రీ ట్రాలీ చుట్టూ టార్చి తిప్పాడు. నిగనిగలాడే నీలం రంగు.

"పెయింటు ఎప్పుడేయించినావు?"

"పోయిన నెల. ఏం?"

మేస్త్రీ జవాబు చెప్పకుండా ట్రాలీ కిందికి దూరాడు. లోపలి నుంచి ఒక చిన్న నవ్వు వినిపించింది.

తెల్ల వైరు అక్కడే ఉంది. కొసన రాగి లగ్గు, దానికి బోల్టు, అంతా పొందికగా బిగించి ఉంది. పెయింటు మీద బిగించి ఉంది. రంగు వేసినవాడు బోల్టు విప్పాడు, ఇనుమంతా శుభ్రంగా పూశాడు, ఆరాక మళ్ళా బిగించాడు. పని తెలిసినవాడే, చేతిలో నేర్పుంది. కానీ లగ్గుకూ ఇనుముకూ నడుమ కాయితం మందాన రంగు పొర మిగిలింది, కరెంటుకు అది గోడ. ఇక కొంచెమో గొప్పో ఆదుకోవాల్సింది ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే హుక్కు పిన్ను. దాన్ని కూడా సీజను ముందు గ్రీజులో ముంచి పెట్టారు.

బోల్టు విప్పాడు. సాండ్ పేపరుతో గీకాడు. నీలం పోయింది, కింద ఎర్ర ప్రైమర్ పోయింది, తెల్లటి ఇనుము బయటపడింది. లగ్గు గీకాడు. బిగించాడు. పైన గ్రీజు రాశాడు. బిగించాక రాశాడు, గమనించండి.

"పార్కింగ్ వెయ్యి."

రెండు వైపులా ఎర్రగా వెలిగాయి. "బ్రేకు!" రెండింతలు మండాయి. ఎదురుగా టీ కొట్టు గోడ ఎర్రబడింది. పిల్లోడు ఈల వేశాడు. రైతు జేబులోకి చెయ్యి పెట్టాడు.

"డబ్బులు తర్వాత," అన్నాడు మేస్త్రీ. బామ్మర్దిని పిలిచాడు. "బైకు తీసుకోని బాగా దూరం పో. ఆడ నిలబడి ఫోన్ చెయ్యి. కనపడాల."

కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో వచ్చాయి. వాటిలో 105వ నియమం ప్రకారం వెనక ఎర్రలైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. గంటకు అరవైలో వచ్చే బైకు ఆ దూరాన్ని తొమ్మిది సెకన్లలో మింగేస్తుంది. చూడాలి, ముందున్నది ట్రాలీ అని పోల్చుకోవాలి, బ్రేకు వెయ్యాలి, తడి రోడ్డు మీద బండి ఆగాలి. అన్నీ ఆ తొమ్మిది సెకన్లలోనే.

ఫోన్ మోగింది. "కనిపిస్తా ఉన్నాయి బావా! రెండూ!"

రైతు గేరు వేశాడు. ట్రాక్టరు కదిలింది. ముందు టైర్లు స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగాయి. వెనక టైర్లు దిగాయి. ట్రాలీ ఎక్కింది, కుదిపింది, క్రేట్లు కిర్రుమన్నాయి.

లైట్లన్నీ ఆరిపోయాయి. ట్రాలీవే కాదు. ట్రాక్టరు టెయిల్ లైట్లు కూడా.

"ఏం చేసినావన్నా!" రైతు సీటు మీంచి దూకాడు. "ఇంతకుముందు ట్రాక్టరుకన్నా ఉన్నింది. ఇప్పుడు అదీ పాయె!"

మేస్త్రీ ఫ్యూజు పీకి టార్చి వెలుగులో పట్టుకున్నాడు. తీగ కరిగి నల్లబడింది. ఇంకోటి పెట్టాడు. పెట్టీపెట్టగానే చిటుక్కుమంది. అదీ పోయింది.

బామ్మర్ది అప్పటికే వెనక్కి వచ్చాడు. జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి, లోపలి వెండి కాయితం చింపాడు. "ఇది చుట్టి పెట్టన్నా. పుంగనూరు దాటితే చాలు. ఎన్ని చూళ్ళేదు మనం."

రైతు ఆ కాయితం వైపు చూశాడు. తర్వాత ఫోన్లో టైము చూశాడు. తల ఊపబోయాడు.

"ఫ్యూజు కాలకపోతే వైరు కాలతాది," అన్నాడు మేస్త్రీ. గొంతు పెంచలేదు. "పైన ప్లాస్టిక్ క్రేట్లు. దాని మీద టార్పాలిన్. దోవలో అంటుకుంటే నువ్వు ముందు కూర్చోని ఉంటావు. నీకు తెలిసేది ఎప్పుడు?"

వెండి కాయితం మళ్ళా జేబులోకి పోయింది.

ఎక్కడో ఒక వైరు ఒలిచిపోయి ట్రాలీ ఇనుముకు తగులుతోంది. ఆ పుండు ఇవాళ్టిది కాదు, ఎన్నాళ్ళ నుంచో ఉండాలి. అయినా ఇంతవరకు ఫ్యూజు కాలలేదు. కారణం, ట్రాలీ ఇనుముకే ఎర్త్ లేదు; వైరు తగిలినా కరెంటు పోయే చోటు లేదు. ఇందాక లగ్గు గీకి ఆ దోవ తెరిచేసరికి పాత పుండు బయటపడింది. రైతు అన్నదాంట్లో తప్పు లేదు, మేస్త్రీ చేసినందువల్లే ఫ్యూజు పోయింది.

మేస్త్రీ ఇంకో ఫ్యూజు పాడు చెయ్యలేదు. ఫ్యూజు చోట రెండు కొసల మధ్య 21 వాట్ల బల్బు తగిలించాడు. అది నిండుగా వెలిగింది.

"ఇది ఇట్ల మండినంతసేపు ఆడ తగులుతా ఉన్నట్టు. తగిలేది విడిపోతే మసకబారతాది. అబ్బోడా, కిందికి దూరు. వైరు పట్టుకోని ముందు నుంచి ఒక్కో జానే కదిలిస్తా పో."

పిల్లోడు ట్రాలీ కిందికి పాకాడు. చొక్కా తడి మట్టిలో ఈడుస్తోంది. పైన టార్పాలిన్ మీద వాన చిటపటలు ఎక్కువయ్యాయి. రైతు కళ్ళు బల్బు మీద ఉన్నాయి.

"ఇప్పుడూ?"

"మండతానే ఉంది."

"ఇప్పుడు?"

"ఉంది. ముందుకు పో."

"ఇరుసు కాడికి వచ్చినా. ఇప్పుడూ?"

బల్బు ఒక్కసారి మినుకుమంది. మళ్ళా మండింది.

"ఆడే! అదే మళ్ళా కదిలించు!" రైతు అరిచాడు.

బల్బు మసకబారింది. అట్లే నిలబడింది.

ఛాసిస్ ఛానెలుకు రంధ్రం ఉంది. వైరు అందులోంచి వెనక్కి పోతుంది. రంధ్రానికి ఉండాల్సిన రబ్బరు బుష్షు లేదు. ఎన్నాళ్ళుగా కుదుపులకు రాసుకుందో, ఇనుప అంచు వైరు తొడుగును కోసుకుంటూ పోయి రాగి పోగుల దాకా చేరింది. స్పీడ్ బ్రేకరు మీద ట్రాలీ ఎగిరినప్పుడు వైరు సాగి అంచుకు ఒరుసుకుంది.

మేస్త్రీ ఆ ముక్క కత్తిరించాడు. కొత్త ముక్క అతికించి సోల్డరు పోశాడు, టేపు చుట్టాడు. బుష్షు కోసం డబ్బాలన్నీ వెతికాడు. సైజు దొరకలేదు. రైతు గబగబా టూల్ బాక్సు తెరిచి చేతికందించింది తన పొలం వస్తువే. పదహారు ఎంఎం డ్రిప్పు పైపు ముక్క. మేస్త్రీ దాన్ని నిలువునా చీల్చి, వైరుకు తొడిగి, రంధ్రంలోకి దూర్చి కట్టాడు. బుష్షు కంటే గట్టిగా కూర్చుంది.

ఫ్యూజు పెట్టాడు. చిటుక్కుమనలేదు.

"స్పీడ్ బ్రేకరు మళ్ళా ఎక్కించు. ఊరికే కాదు, రొంత వేగంగా."

ఎక్కింది. ఎగిరింది. దిగింది. లైట్లు కదల్లేదు. వెనక్కి తెచ్చి మళ్ళా ఎక్కించాడు. బామ్మర్ది వానలోనే దూరంగా పోయి ఫోన్ పట్టుకున్నాడు.

"ఎడమ?"

"కొడతా ఉంది."

"కుడి?"

"కొడతా ఉంది."

"బ్రేకు?"

"తొక్కు బావా... ఆ, కనిపిస్తా ఉంది. బాగా."

మేస్త్రీ ట్రాలీ వెనక తలుపును గుడ్డతో తుడిచి ఎర్ర రేడియం పట్టీలు రెండు అతికించాడు. తడి మీద సరిగ్గా అంటుకోలేదు. అరచేత్తో రుద్ది రుద్ది అంటించాడు.

"ఎంతన్నా?"

"పొయ్యి అమ్ముకోని రాపో. వచ్చేటప్పుడు ఖాళీ బండిని ఈడ నిలుపు. ఆ వైరింగు మొత్తం మార్చాల. నేను చేసింది ఈ రాత్రికి."

రైతు రెండు వందల నోట్లు బల్ల మీద పెట్టి, మేస్త్రీ వద్దనేలోపల ట్రాక్టరెక్కాడు. పిల్లోడు మట్టి చొక్కాతోనే మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. పుంగనూరు రోడ్డెక్కిన పది నిమిషాలకు వెనక నుంచి ఒక బస్సు వేగంగా వచ్చింది. చాలా దూరంలోనే హెడ్‌లైట్లు డిమ్ము చేసి, వేగం తగ్గించి, ఒకసారి హారన్ కొట్టి పక్క నుంచి దాటుకుపోయింది.